మీసం ముందు, మెదడు తర్వాత

రోగం తెచ్చుకోవడానికి కూడా కాస్త లోకజ్ఞానం ఉండాలి. వస్తే గిరాకీ ఉన్న రోగమే రావాలి. బీపీ, షుగరు, కీళ్లనొప్పులు, బట్టతల... పద్ధతైన రోగాలంటే ఇవీ. ఒక్కసారిగా చంపవు, పూర్తిగా పోవు. నెల తిరిగేసరికి మనిషిని చెయ్యిపట్టుకుని మందుల షాపు మెట్లెక్కిస్తాయి. అలాంటిది కాంగో ఉపనదుల ఒడ్డున చేపలు పట్టుకుంటూ, కర్రపెండలం పండించుకుంటూ బతికేవాడు పోయిపోయి నిద్ర జబ్బు తెచ్చుకున్నాడంటే తప్పెవరిది? కుట్టిన ఈగదా? కాదు, వాడిదే. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు కనీసం డబ్బున్నవాళ్లకు వచ్చే రోగమైనా ఎంచుకోవద్దా?

పేరు విని అదేదో హాయైన జబ్బు అనుకునేరు. నిజంగా కమ్మగా నిద్రపట్టించేదే అయితే మన ఐటీ కారిడార్‌లో దాన్ని ప్యాకెట్ల లెక్కన అమ్మేవాళ్లు. ఇది నిద్రను తలకిందులు చేసే జబ్బు. సెట్సీ ఈగ కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు ట్రిపనోసోమా అనే ఏకకణ జీవి ఒంట్లోకి దిగుతుంది. మొదట్లో జ్వరం, తలనొప్పి, దురద, మెడ వెనక బిళ్లలు. మలేరియా అనుకుని మాత్రలు మింగి ఊరుకుంటారు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక అది మెదడుకు చేరుతుంది. అక్కణ్ణించి రాత్రంతా కన్ను మూతపడదు. పగలు గిన్నె ముందు కూర్చున్నవాడు ముద్ద నోట్లో ఉండగానే తూగుతాడు. మాట ముద్దగా వస్తుంది, నడక తడబడుతుంది. ఎన్నడూ గొంతెత్తి ఎరగని మనిషి పెళ్లాం పిల్లల మీదికి కలబడతాడు. ఊరు దయ్యం పట్టిందంటుంది. వైద్యం అందకపోతే చివరికి మెలకువ రాని మత్తు, ఆ తర్వాత చావు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లోని గాంబియెన్సే రకం మనిషిని ఏళ్ల తరబడి నంజుకు తింటుంది. తూర్పు, దక్షిణ ప్రాంతాల్లోని రొడీసియెన్సే రకానికి అంత ఓపిక లేదు. వారాల్లోనో నెలల్లోనో పని ముగించేస్తుంది.

ఆ ఈగను చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. దోమలాగా వందలకొద్దీ గుడ్లు పెట్టే రకం కాదు. కాన్పుకు ఒక్కటే పిల్ల. ఆ పురుగును కడుపులోనే పాలిచ్చి పెంచి, పెద్దయ్యాక నేల మీద దింపుతుంది. బతుకంతా కలిపి కాన్పులు పది దాటితే గొప్ప. మన కుటుంబ సంక్షేమ శాఖ పోస్టర్ మీద వేసుకోదగ్గ ప్రాణి. ఇంత బుద్ధిగా కని, ఇంత తక్కువ సంతానంతో 36 దేశాల్లో మనుషుల్ని పొలాలకూ నీళ్లరేవులకూ వెళ్లాలంటే హడలగొట్టింది.

పరాన్నజీవి తెలివి ఇంకో తరహా. దాని ఒంటి మీద ప్రొటీన్ కోటు ఉంటుంది. మన రక్తంలోని సైన్యం ఆ కోటును గుర్తుపట్టి విరుచుకుపడేలోగా కొన్ని జీవులు కోటు మార్చేస్తాయి. సైన్యం కొత్త కోటును పోల్చుకునేలోగా ఇంకొకటి. దాని జన్యువుల్లో ఇలాంటివి వెయ్యికి పైగానే మడతపెట్టి ఉన్నాయి. ఎన్నికలకో కండువా మార్చే మన నాయకులు కూడా జీవితంలో నాలుగైదు రంగులు దాటరు. అందుకే దీనికి ఇంతవరకూ టీకా లేదు. ఇంత గడుసు జీవి, కాపురానికి ఇల్లు చూసుకునే దగ్గర మాత్రం తప్పులో కాలేసింది. బీమా ఉన్నవాణ్ణి వదిలి బీదవాడి ఒంట్లో దిగింది. దానితో పాటు వాడి ఖర్మా కాలింది.

మందు లేక కాదు సుమండీ. 1949 నుంచీ మెలార్సొప్రోల్ ఉంది. దాని ప్రాణమంతా పాషాణం, అదే ఆర్సెనిక్. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో కలిపి నరానికి ఎక్కిస్తారు. ప్లాస్టిక్ సిరంజిలోకి తీస్తే ప్లాస్టిక్ పాడైపోతుంది కాబట్టి గాజు సిరంజి వాడాలి. ప్లాస్టిక్ తట్టుకోలేనిదాన్ని మనిషి నరం తట్టుకోవాలన్నమాట. సూది నరం పక్కకు జారిందా, అక్కడి కండ కమిలిపోతుంది. ఎక్కించుకున్నవాళ్లు నరాల్లో నిప్పు పోస్తున్నట్టుందని చెప్పేవారు. నూటికి దాదాపు ఐదుగురు రోగంతో కాక ఆ మందుతోనే పోయేవారు. ఇవ్వకపోతే నూటికి నూరుమందీ పోతారు కాబట్టి డాక్టర్లు కళ్లు మూసుకుని ఇచ్చేవారు. 1990లు వచ్చేసరికి వాయవ్య ఉగాండాలో నలుగురిలో ఒకరికి ఆ పాషాణమూ పనిచేయడం మానేసింది.

సరిగ్గా ఇక్కడ ప్రవేశించాలి మన కథానాయిక. పేరు ఎఫ్లోర్నితిన్.

పుట్టింది క్యాన్సర్ కోసం. మెర్రెల్ డౌ కంపెనీ ఎన్నో ఆశలు పెట్టుకుంది. క్యాన్సర్ దాన్ని ఖాతరు చేయలేదు. ఈలోగా నిద్ర జబ్బు మీద ప్రయోగించి చూస్తే మంచంలో కట్టెలా పడున్నవాళ్లు లేచి కూర్చున్నారు. ఆ వైభవం చూసి దానికి పునర్జన్మ మందు అని పేరొచ్చింది. 1990లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదముద్ర వేసింది. గాంబియెన్సే రకం మీద మెలార్సొప్రోల్‌కు నలభై ఏళ్ల తర్వాత దొరికిన మేలైన మందు. ఊరు బాగుపడ్డట్టే కదా?

లెక్కలు చూసేవాళ్లు లెక్కలు చూశారు. రోగులున్నారు, చాలామంది ఉన్నారు, కానీ వాళ్లకు జేబుల్లేవు. 1995 నాటికి తయారీ ఆగిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, ఈ అల్లుడికి శని కూడా అంగట్లోంచే వచ్చింది. ఇక్కడ ఒక్క తేదీ గుర్తుపెట్టుకోండి. తయారీ ఆగిన మూడేళ్లకు, 1998లో, ఆఫ్రికాలో నమోదైన కేసులు దాదాపు 40,000. పరీక్ష చేసేవాడు దొరక్క లెక్కకు రాకుండా పోయినవాళ్లు మరో మూడు లక్షల మంది ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంతర్యుద్ధాలు రేగుతున్నాయి, ఊళ్లకు ఊళ్లు మగతలో పడి ఉన్నాయి, పనిచేసే మందు పొయ్యి చల్లారి ఉంది. ఒక కొనుగోలుదారుల సంఘానికి కావలసినంత మంది ఉన్నారు. వాళ్ల తప్పల్లా కొనలేకపోవడమే.

అప్పుడు దేవుడు కరుణించాడు. కాంగో మీద కాదు, అమెరికా ఆడవాళ్ల పై పెదవి మీద.

విషయమేమిటంటే, ఎఫ్లోర్నితిన్ ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. పరాన్నజీవి పెరగడానికి ఆ ఎంజైము కావాలి. వెంట్రుక పెరగడానికీ అదే కావాలి. మెదడులో పురుగుకు కళ్లెం వేసే పదార్థం మూతి మీద నూగుకు కూడా కళ్లెం వేస్తుందని తేలింది. 2000 జులైలో అదే ఎఫ్‌డీఏ అదే ఎఫ్లోర్నితిన్‌కు మళ్లీ ఆమోదముద్ర వేసింది. ఈసారి వానికా అనే క్రీము రూపంలో, ఆడవాళ్ల ముఖం మీది అవాంఛిత రోమాలకు. వెనక ఉన్నవాళ్లు చిన్నవాళ్లు కాదు, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, గడ్డం గీసే బ్లేళ్ల జిలెట్. ఐదేళ్లుగా ‘తయారు చేస్తే గిట్టదు’ అన్న పదార్థం రాత్రికి రాత్రే గిట్టడం మొదలుపెట్టింది.

ఆ క్రీము వైభవం కూడా కాస్త దగ్గర నుంచి చూడండి. రోజుకు రెండుసార్లు రాయాలి. అది వెంట్రుకను తీయదు. పెరుగుదలను నెమ్మదిస్తుంది, అంతే. తీయడానికి పట్కారో బ్లేడో మామూలుగానే వాడుకోవాలి (జిలెట్ వారి దూరదృష్టిని మెచ్చుకోండి). రాయడం మానేస్తే రెండు నెలల్లో నూగు ఎప్పటిలా తిరిగొస్తుంది. అంటే ఒకసారి మొదలుపెట్టిన మనిషి బతికున్నన్నాళ్లూ ట్యూబు కొంటూనే ఉండాలి. అటు అప్పటి కాంగో రోగిని చూడండి. రెండు వారాల పాటు రోజుకు నాలుగు, మొత్తం 56 సెలైన్లు ఎక్కిస్తే లేచి ఇంటికి పోతాడు. మళ్లీ మొహం చూపించడు. కృతజ్ఞత లేని మనిషి. ఏ వ్యాపారి మాత్రం ఎవరి వైపు మొగ్గుతాడు?

మూతి మీద నూగు ఉన్న ఆడపిల్లలను వెక్కిరించడానికి నేను రాయడం లేదు. ఆ బాధ పడేవాళ్లకే తెలుసు, ఆ మాటలు అనేవాళ్ల నోళ్లకు వేరే మందు కావాలి. మన ఇళ్లలో పసుపూ సున్నిపిండీ పట్టుకుని తరాల తరబడి పిల్లల ముఖాలు రుద్దిన ముసలమ్మలు కూడా ఈ వ్యాపారంలో పాత కాపులే. నా గొడవ క్రీముతో కాదు. మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె అని ఒకే మనిషిని ఎగతాళి చేసేవాళ్లు మన పెద్దలు. ప్రపంచ మార్కెట్ ఆ సామెతను సంస్కరించింది. మెతుకు లేనివాడు ఒక ఖండంలో, నూనె రాయించుకునే మీసం ఇంకో ఖండంలో. ఎవరూ ఎగతాళి చేయడానికి వీల్లేకుండా పోయింది.

చివరికి మీసమే మెదడును కాపాడింది. మందు తయారవుతోందని అందరికీ తెలిశాక, సరిహద్దుల్లేని డాక్టర్లు అనే సంస్థ గోల మొదలుపెట్టింది. మూతికి దొరికేది ప్రాణానికి ఎందుకు దొరకదని పత్రికలకెక్కింది. కంపెనీలకు సిగ్గేసిందో, సిగ్గేసినట్టు కనిపించడం మేలనిపించిందో గానీ, 2001లో మందు హక్కులున్న అవెంటిస్ ప్రపంచ ఆరోగ్య సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. ఐదేళ్లకు రెండున్నర కోట్ల డాలర్ల సాయం, ఎఫ్లోర్నితిన్‌తో పాటు మిగతా మందులూ ఉచితం. ఆ ఉచితం ఒప్పందాలు మారుతూ ఇప్పటికీ నడుస్తోంది. దాతలకు దండాలు. నాదొకటే చిన్న అనుమానం. ఆ ఎంజైముకూ వెంట్రుకకూ సంబంధమే లేకపోయి ఉంటే?

కలికాలం, కార్పొరేట్ల కాలం కనుక ఇలా అయిందనుకునే అమాయకులుంటారు. వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ జబ్బుకు మొదటి స్పెషలిస్టులు డాక్టర్లు కారు, బానిసల వ్యాపారులు. థామస్ వింటర్‌బాటమ్ అనే ఇంగ్లీషు వైద్యుడు సియెర్రా లియోన్‌లో పనిచేసి 1803లో పుస్తకం అచ్చేశాడు. మెడ వెనక బిళ్లలున్న మనుషులను బానిస వ్యాపారులు కొనరని అందులో ఉంది. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు మెడ తడిమి చూసి పక్కన పెట్టేసేవారు. ఈరోజుకూ ఊళ్లకు వెళ్లే వైద్య బృందాలు అదే మెడను అక్కడే తడుముతాయి. వైద్యశాస్త్రం ఆ లక్షణానికి పేరు మాత్రం వింటర్‌బాటమ్‌దే పెట్టింది. కనిపెట్టిన వ్యాపారులకు అన్యాయం జరిగింది.

ఆ తర్వాత పశువులకు రోగమొచ్చింది. బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్ 1890ల్లో జులూలాండ్ వెళ్లి పశువులను చంపుతున్న నగానా రోగానికి సెట్సీ ఈగే కారణమని తేల్చాడు. మనుషుల వంతు రావడానికి కొన్నేళ్లు పట్టింది. ఆ వంతు వచ్చేసరికి విక్టోరియా సరస్సు ఒడ్డున బుసోగాలో ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. 1900 మొదలు ఇరవై ఏళ్లలో ఉగాండాలో పోయినవాళ్లు రెండున్నర లక్షల మందని అంచనా. ఎంటెబ్బేలో రోగి వెన్ను నీటిలో ట్రిపనోసోమాను చూసింది ఎవరు ముందన్న విషయం మీద కాస్టెల్లానీ అనే కుర్ర డాక్టరూ, బ్రూస్ దొరగారూ ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఆ రోగి ఎవరో, ఏమయ్యాడో ఎవరూ కొట్టుకోలేదు.

కుంభకర్ణుణ్ణి లేపడానికి రావణుడు ఏనుగులతో తొక్కించి, భేరీలు మోగించి, బళ్లకొద్దీ భోజనం వండించాడు. తమ్ముడి మీద ప్రేమతో కాదు, యుద్ధంలో పని పడింది గనక. ఆఫ్రికాలో తెల్లదొరలు పెట్టించిన వైద్య శిబిరాలన్నీ ఆ బాపతే. బెల్జియం రాజు లియోపోల్డ్ తన సొంత ఎస్టేటులాంటి కాంగోలో రబ్బరు కోసం జనాన్ని అడవుల్లోకి తరిమాడు. ఈగ ఉన్న చోటికి మనిషి, మనిషి ఉన్న చోటికి రోగం నడిచి వెళ్లాయి. రబ్బరు మోసేవాళ్లు తూగుతున్నారని తెలిశాక లివర్‌పూల్ నుంచి డాక్టర్లను పిలిపించాడు. తర్వాత బెల్జియం ప్రభుత్వం వచ్చి కాంగోలో జనం ఊరు దాటాలంటే వైద్య పాస్‌పోర్టు ఉండాలంది. తన ఊళ్లో తాను తిరగడానికి తనకు నిద్ర రావడం లేదని కాగితం చూపించాలి.

జర్మన్ల పద్ధతి వేరు. వాళ్లది శాస్త్రం. క్షయ క్రిమిని కనిపెట్టి 1905లో నోబెల్ అందుకున్న రాబర్ట్ కోచ్ ఆ మరుసటేడు విక్టోరియా సరస్సులోని సెసే దీవులకు వచ్చాడు. చేతిలో అటాక్సిల్ అనే ఆర్సెనిక్ మందు. రోగులు వేలకొద్దీ దొరికారు. తక్కువ డోసుకు పురుగు మళ్లీ తల ఎత్తుతోందని డోసు పెంచాడు. ఇరవై మందికి పైగా గుడ్డివాళ్లయ్యారు, ఆ చూపు తిరిగి రాలేదు. ఇంట్లోవాళ్లు రోగులను తీసుకుని రాత్రికి రాత్రే పారిపోతే, జర్మన్ తూర్పు ఆఫ్రికాలో వాళ్లను పట్టి ఉంచడానికి శిబిరాలు కట్టారు. వాటికి పెట్టిన జర్మన్ పేరు ముప్పై ఏళ్ల తర్వాత లోకమంతా వేరే సందర్భంలో విని వణికిపోయింది. కోచ్‌గారి పేరుతో బెర్లిన్‌లో పెద్ద సంస్థ ఉంది. కళ్లు పోయినవాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

ఇంకో జర్మన్ ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. 1916లో బేయర్ కంపెనీవాళ్లు 205 నంబరు పదార్థం తయారు చేశారు. రోగం మెదడుకు ఎక్కకముందు ఇస్తే అద్భుతంగా పనిచేస్తుంది. ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం ఓడి, జర్మనీ తన ఆఫ్రికా వలసలన్నీ పోగొట్టుకుంది. ఇక చూడండి. మందుకు ‘జెర్మానిన్’ అని దేశం పేరే పెట్టుకున్నారు. సూత్రం మాత్రం గుట్టు. మా దగ్గర మందుంది, మీ దగ్గర మా వలసలున్నాయి, మార్చుకుందాం రండి అని జర్మనీలో కొందరు బాహాటంగానే బేరం పెట్టారు. ఆఫ్రికన్లను బతికించే మందుకు ధర ఆఫ్రికాయే! ఈ బేరం తెగకముందే పారిస్ పాశ్చర్ సంస్థలో ఎర్నెస్ట్ ఫోర్నో అనే రసాయన శాస్త్రవేత్త కూర్చుని, ఆ గుట్టు విప్పి, 1924లో సూత్రాన్ని అచ్చువేసి పారేశాడు. బేరం బుగ్గిపాలయింది. ఉక్రోషం తీరక 1943లో నాజీలు ‘జెర్మానిన్’ పేరుతో సినిమా తీశారు. దర్శకుడు గోబెల్స్‌గారి బావ వరస. ఆ మందునే ఇప్పుడు సురామిన్ అంటున్నారు. పేరు గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఫ్రెంచివాళ్లకు యూజెన్ జామో దొరికాడు. నిజాయితీపరుడు, పనిమంతుడు. కామెరూన్‌లో సూక్ష్మదర్శినులు మోయించుకుంటూ ఊరూరా తిరిగి లక్షల మందిని పరీక్షించాడు. ఆయన కింద పనిచేసిన ఒక డాక్టరు బాఫియా ప్రాంతంలో ట్రిపార్సమైడ్ అనే మందు డోసు పెంచి ఇవ్వడంతో ఏడు వందల మంది దాకా చూపు కోల్పోయారు. తర్వాత 1950ల్లో ముందుజాగ్రత్త అంటూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరినీ వరసలో నిలబెట్టి లోమిడిన్ అనే మందు పొడిచారు. తూర్పు కామెరూన్‌లో ఆ సూదుల వల్లే జనానికి కండలు కుళ్లి ప్రాణాలు పోయాయి. ఇన్ని పొడుపుల వల్ల ఒరిగిన ముందుజాగ్రత్త ఎంతన్నది తర్వాత తేలిన సంగతి. పెద్దగా ఏమీ లేదు.

వీటన్నిట్లోకీ నాకు బాగా నచ్చినది పోర్చుగీసువాళ్ల పథకం. ప్రిన్సిపె అని అట్లాంటిక్‌లో చిన్న దీవి. కోకో తోటలు. కూలీలు రోగంతో రాలిపోతున్నారు, కోకో కోతకు మనుషుల్లేరు. సెట్సీ ఈగకు కదిలే నల్లటి వస్తువంటే మోజు అని ఎవరో గమనించారు. అంతే, కూలీల వీపులకు నల్లగుడ్డలు కట్టి, వాటికి బంక పూశారు. పొద్దున్న తోటలోకి వెళ్లిన మనిషి సాయంత్రం వీపు నిండా ఈగలతో తిరిగొస్తాడు. కోకో మూటా మోశాడు, ఈగల బోనూ అయ్యాడు, కూలి మాత్రం ఒకటే. 1914కల్లా దీవిలో ఈగ అంతరించింది. ఆ మాటకొస్తే ఈ చరిత్రలో పూర్తిగా ఫలించిన అతికొద్ది పథకాల్లో ఇదొకటి. మనిషి వీపును మించిన పరికరం కనిపెట్టడానికి, నీలిరంగు గుడ్డకు పురుగుమందు పట్టించి నది ఒడ్డున పాతడానికి, మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

అయినా మంచి జరగలేదని అనను. జరిగింది, అదీ గుర్తించాలి. 2003లో లాభాపేక్ష లేకుండా మందులు తయారు చేయించడానికి డీఎన్‌డీఐ అనే సంస్థ పుట్టింది. మన ఐసీఎంఆర్ కూడా దాని వ్యవస్థాపకుల్లో ఒకటి. వాళ్లు పాత కాగితాలు తిరగేస్తుంటే ఫెక్సినిడజోల్ బయటపడింది. అది వాళ్ల ప్రయోగశాలలో పుట్టింది కాదు. 1970ల్లోనే హోక్స్ట్ కంపెనీ కనిపెట్టి, ఆ తర్వాత గిట్టదని అటక మీద పడేసింది. పాతికేళ్లు దుమ్ములో పడున్న ఆ మందును దులిపి, పరీక్షించి, 2018లో ఆమోదం తెచ్చారు. సెలైను లేదు, సూది లేదు, పది రోజుల మాత్రలు. నిబంధన ఒక్కటే, కడుపునిండా అన్నం తిన్నాకే వేసుకోవాలి. పరగడుపున అయితే ఒంటబట్టదు. మందు ఉచితంగా ఇచ్చే దాతలున్నారు. దానికి ముందు పెట్టాల్సిన కంచం సంగతి నాయనా, నువ్వే చూసుకో. అన్నట్టు ఒకే ఒక్కసారి మూడు మాత్రలు మింగితే చాలే అకోజిబొరోల్ కూడా వచ్చింది. కాంగో, గినీల్లో జరిగిన పరీక్షల్లో నూటికి తొంభై ఐదుకు పైగా నయమయ్యారు.

ఫలితం అంకెల్లో కనిపిస్తోంది. 1998లో 40,000కు దగ్గరగా ఉన్న కేసులు 2018 నుంచి ఏటా వెయ్యిలోపే. టోగో, కోట్ డివార్, బెనిన్, ఘనా, చాద్, గినీ ఒకదాని తర్వాత ఒకటి ప్రజారోగ్య సమస్యగా ఈ జబ్బును వదిలించుకున్నాయి. గాంబియెన్సే వ్యాప్తి 2030కల్లా ఆగిపోవాలని లక్ష్యం. సంతోషం. కాకపోతే ఈ సంతోషం ఒకసారి చేసుకున్నదే. 1960ల్లో ఆఫ్రికా మొత్తం మీద కేసులు ఐదు వేల లోపుకు పడిపోయాయి. రోగం పోయిందని బృందాలను ఇంటికి పంపారు, నిధులు వేరే పద్దులోకి వెళ్లాయి. ముప్పై ఏళ్లలో ఏమైందో పైన రాశాను. రోగులు తగ్గేకొద్దీ వెతకడం కష్టం, వెతకడం ఖరీదు. ఒక్క రోగి కోసం ఎనిమిది మంది జీపులో రెండు రోజులు బురదలో ప్రయాణించాలి. ఆ డీజిలు ఎవడు పోస్తాడన్నదే ఇప్పుడున్న రోగం.

మధ్యలో 2001లో ఒక చిత్రం జరిగింది. టాంజానియా అడవుల్లో సింహాలు చూసొచ్చిన యూరప్ పర్యాటకులు కొందరికి ఇదే జబ్బు అంటింది. వైద్య పత్రికలు ఒక్కొక్క రోగి గురించి పేజీలు రాశాయి. వాళ్లు బతకాలనే కోరుకుంటాను. రోగానికి కూడా పాస్‌పోర్టు రంగు చూసి అచ్చు దొరుకుతుందని మాత్రం గమనించాను.

ఇంతసేపూ ఓపికగా చదివిన తెలుగువాళ్లు, ఆఫ్రికా గోల మనకెందుకు అనుకుంటూ ఉండవచ్చు. సెట్సీ ఈగ మన దగ్గర లేదు, నిజమే. దాని పరాన్నజీవికి దాయాది మాత్రం ఇక్కడే ఉంది. పేరు ట్రిపనోసోమా ఎవన్సీ. 1880లో అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో గ్రిఫిత్ ఎవన్స్ దీన్ని పట్టుకున్నాడు. ఆఫ్రికా రోగపు పరాన్నజీవి కంటే ఇది ముందు దొరికింది. మన పశువుల డాక్టర్లు సర్రా అంటారు. జోరీగలు మోసుకొస్తాయి. గేదెలు తిక్కగా గుండ్రంగా తిరిగి పడిపోతే పల్లెల్లో తెలిసినవాళ్లు వెంటనే దీన్నే అనుమానిస్తారు. 2000 జులైలో ఒడిశా నందన్‌కానన్ జూలో 12 పులులు దీనితోనే చచ్చిపోతే దేశమంతా గగ్గోలు పెట్టింది. మూతి క్రీముకు అమెరికాలో ముద్ర పడిన నెల కూడా అదే. పులులకు మీసాలుండీ లాభం లేకపోయింది.

మనుషులకు ఇది రాదనే అందరూ నమ్మారు. మన రక్తంలో ఉండే ఒక ప్రొటీన్ ఆ పురుగును చంపేస్తుంది. 2004లో మన ఆసిఫాబాద్‌కు పొరుగున ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు జ్వరం వచ్చి పోతూ, మళ్లీ మళ్లీ వస్తూ ఉంటే రక్తం చూశారు. అందులో ట్రిపనోసోమా ఈదుతోంది. ఆ రైతు ఒంట్లో పుట్టుకతోనే ఆ ప్రొటీన్ లేదని తర్వాత తేలింది. అరుదైన సంగతి, చుట్టుపక్కల వాళ్లను పరీక్షిస్తే ఎవరి రక్తంలోనూ పురుగు కనిపించలేదు. రైతు బతికాడు. బతికించింది సురామిన్. 1916 నాటి మందు, ఒకప్పుడు ఆఫ్రికాను బేరానికి పెట్టిన మందు. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర నుంచి తెప్పించాల్సి వచ్చింది. ఆ సంస్థకు బేయర్ దానం చేస్తుంది. దానం కాబట్టి ఎవరి హక్కూ కాదు.

చివరగా హైదరాబాద్ మందుల తయారీదారులకు ఒక మనవి. ప్రపంచంలో ఏ మందునైనా చవగ్గా చేసి పంపగలమని మీరు సభల్లో చెబుతుంటే విని పొంగిపోయేవాళ్లలో నేనూ ఒకణ్ణి. సురామిన్ సూత్రం నూరేళ్లుగా పుస్తకాల్లో బహిరంగంగా ఉంది. పేటెంటు గొడవ లేదు, ఫోర్నోగారు ఆ పని ఎప్పుడో కానిచ్చారు. ఒక్క బ్యాచి చేసి మన సొంత గోడౌన్‌లో పెట్టండి. లాభం రాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. దాంతో వెంట్రుకలు కూడా రాలవు.